లోపల ఎవరప్పా?

దోణిమలై గని గేటు దగ్గర జీవితమంతా కాపలా కాసిన నెట్టికంటప్పకు ఒక్కటే జబ్బు: కనబడిందాన్నీ, కనబడనిదాన్నీ "ఎవరప్పా అది?" అని నిలదీయడం. తలుపు కదిలితే గాలిని అడిగేవాడు. తన నీడనైనా గేట్‌పాస్ లేనిదే కదలనిచ్చేవాడు కాదు. ఆయన హయాంలో గనిలోంచి ఒక్క మేకు బయటికి పోలేదు. ఒకసారి సాక్షాత్తూ మేనేజరునే ఎండలో నిలబెట్టాడు. ఆ మేనేజరు బదిలీ అయ్యేదాకా ఈయనకే ముందు నమస్కారం పెట్టాడు!

అంతటివాడు ఎమ్మిగనూరులో చెల్లెలు ఓబులమ్మ మంచం పక్కన చేరాడు. ఆమె కడుపులో క్యాన్సరు గడ్డ. బళ్ళారిలో మొదటి విడత మందు ఎక్కించుకొచ్చినప్పటినుంచి ఆమె నోరు విప్పలేదు. రెండో విడతకు రానని తల మాత్రం అడ్డంగా ఊపింది. తన ఒళ్లే ఆమెకు పరాయి ఇల్లయింది. అందులో ఎవరో చెప్పులు విప్పి, మెల్లగా తిరుగుతున్నట్టుండేది.

ఓబులమ్మ కోడలు సౌందర్య బలం బిళ్లలు తెచ్చింది.

"యాంటీ ఆక్సిడెంట్లు మామా. ఒంట్లో తుప్పు పట్టనీవంట."

"గేట్‌పాస్ ఉండాదా?"

"బిళ్లలకు గేట్‌పాసేంది?"

"డాక్టరమ్మ చీటీ! ఆయమ్మ చెప్పింది ఇనలేదా? మన కణాల్లో ఎంజైములని కాపలావాళ్లుంటారంట, తుప్పు పట్టకుండా. క్యాన్సరు కణం గూడా వాళ్లనే పెట్టుకుంటాదంట, ఇంకా ఎక్కువమందిని! మందు పోయి నిప్పు పెడితే వాళ్లు ఆర్పుతారు. మళ్లీ నువ్వు బయటినుంచి నీళ్లు మోస్తావా?"

"నాకేం తెలుసు మామా!"

"కాపలావాడు దొంగకు కాపలా! మా ఖాకీ గుడ్డలకే మచ్చ కదమ్మా!"

బిళ్లలు ఆయన జేబులోకి పోయాయి.

ఆనాటినుంచి పొద్దు గూకే వేళ ఖాకీ చొక్కా తొడుక్కుని, దుప్పట్లో ఉన్న చెల్లెలి పొట్టవైపు వంగేవాడు. "లోపల ఎవరప్పా?" అని అడిగి చెవి ఒగ్గేవాడు. వంటింట్లో సౌందర్య చేతిలో గరిటె ఆగిపోయేది. ఓబులమ్మ దుప్పటిని తల మీదికి లాక్కునేది. లోపలిది నిజంగానే పలికితే?

రెండో విడత రోజు బళ్ళారికి తీసుకుపోయేందుకు ఆటో నడిపే తాయప్ప వచ్చి వాకిట్లో హారను కొట్టాడు. ఓబులమ్మ ముఖం మీదికి దుప్పటి లాక్కుంది. నెట్టికంటప్ప వంగాడు.

"లోపల ఎవరప్పా?"

బయట చెరకు ఆకులు గరగరమన్నాయి.

"ఎవరుండారని అడుగుతాండా!"

దుప్పటి కదిలింది. పాడుబావిలోంచి వచ్చినట్టు ఒక గొంతు పలికింది.

"నేనే."

సౌందర్య గరిటె కింద పడింది.

"నేనంటే?"

"ఓబులమ్మనన్నా."

"ఇన్నాళ్లూ పలకవేం మే? ఆ గడ్డను పలకరించేకి అదేమన్నా నా తోడబుట్టిందా? నిన్నే కదా పిలుస్తాండేది!"

ఓబులమ్మ దుప్పటి తోసి లేచి కూర్చుంది.

"పొట్టనడిగితే నాకెట్ల తెలుస్తాది? మొగం చూసి అడగల్ల!"

"మొగం నువ్వు మూసుకొంటివి. యాడ అడగల్ల?"

"సరేలే. ఆటోను ఆపు, తల దువ్వుకొని వస్తా."

దువ్వడానికి తల మీద వెంట్రుకే లేదని గుర్తొచ్చి, అందరికంటే ముందు తనే నవ్వింది.