వాన పడలేదన్నాను

మా ఇంట్లో బెల్లం ఆవకాయ ఒకే ఒక్కసారి పాడైంది. పాడు చేసింది నేను. మొదటి సంగతి ఇంట్లో అందరికీ వెంటనే తెలిసింది. రెండోది తెలియడానికి దగ్గర దగ్గర ఏడాది పట్టింది.

నేను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. నలభై రెండేళ్లు. పెళ్లి కాలేదు. నా హాస్యమే కారణమని చుట్టాలంటారు. అంతకంటే గట్టి కారణాలే ఉన్నాయని నా నమ్మకం. అరసవల్లి వెళ్లే రోడ్డు పక్క వీధిలో మా డాబా ఇల్లు. నాన్న పోయాక అందులో ఉండేది అమ్మ, నేను, తమ్ముడు, మరదలు. తమ్ముడికి కొత్తవలసలో రైల్వే ఉద్యోగం. వారానికి ఒకటిన్నర రోజు ఇంట్లో ఉంటాడు, అందులో ఒక రోజు నిద్రపోతాడు. మరదలు ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. వాళ్లది బాప్టిస్టు మిషన్ చర్చికి వెళ్లే కుటుంబం. మాది తాతల నాటి నుంచీ వరీ చోడీ పండించుకుని, కొండ మీద దేవుడికి మొక్కుకునే కుటుంబం. వాళ్లిద్దరూ ఇష్టపడి చేసుకున్నారు.

ఆ పెళ్లికి అమ్మను ఒప్పించింది నేనే. భోజనాల దగ్గర మనుషులంతా ఒకటేనని మొదలుపెట్టి, మూఢనమ్మకాల మీదుగా కణవిభజన దాకా వెళ్లాను. అమ్మ కణవిభజనకి ముందే ఒప్పుకుంది, అన్నం చల్లారిపోతోందని. కానీ ఘనత మాత్రం నాకే దక్కింది. తమ్ముడు ఇప్పటికీ తన స్నేహితులకి నన్ను ఆ విధంగానే పరిచయం చేస్తాడు.

అమ్మ ఒప్పుకోవడం అంటే గుమ్మం దాకా. వంటింటి సంగతి వేరు. మొదటి ఏడాది మరదలు కూరలు తరిగింది. రెండో ఏడాది వండింది. పచ్చళ్ల జాడీల జోలికి మాత్రం అమ్మ రానివ్వలేదు. కోపంతో కాదు, నెమ్మదిగా, "నాను తీస్తాన్లే అమ్మా" అంటూ. మూడో వేసవిలో మామిడికాయ ముక్కలు కొట్టించి తెచ్చిన రోజు, తుడిచిన ముక్కల బేసిను మరదలి ముందుకు జరిపి, ఈయేడు నువ్వు కలుపు అంది. మరదలు గాజులు పైకి తోసుకుని చెయ్యి పెట్టింది. మా ఇంట్లో ఇంతకంటే పెద్ద సన్మానం లేదు. నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా అమ్మ నాకు ఏ బేసినూ జరపలేదు.

బెల్లం ఆవకాయ తొందరపడే వాళ్లకి పనికొచ్చే పచ్చడి కాదు. ఉప్పు, కారం, ఆవపిండి కలిపిన ముక్కలు మూడు రోజులు జాడీలో ఊరాలి. తరువాత ఊటలోంచి ముక్కలు తీసి ఎండబెట్టాలి. ఊటలో బెల్లం వేసి, అది తేనెలా చిక్కబడే దాకా దాన్నీ ఎండలో పెట్టాలి. ఆపైన రెండూ కలిపి, నూనె పోసి, జాడీకి గుడ్డ కట్టాలి. ఇన్ని రోజుల్లో ఎక్కడా తడి తగలకూడదు. అంతే. మిగతాదంతా సూర్యుడు చూసుకుంటాడు. మా ఊళ్లో ఆయన పనిమంతుడే.

డాబా మీద రెండో రోజు ఎండుతున్నప్పుడు మరదలు డ్యూటీకి వెళ్లింది. అమ్మ, పక్క వీధిలో ఉండే పిన్ని కలిసి చుట్టాల పెళ్లికి బట్టలు కొనడానికి విజయనగరం వెళ్లారు. వెళ్తూ అమ్మ నాకు ఒకే పని చెప్పింది. మబ్బు పడితే దింపమని. సెలవుల్లో ఉన్న లెక్చరరుకి అప్పగించదగ్గ పనే.

మధ్యాహ్నం మా లెక్చరర్ల వాట్సాప్ గ్రూపులో బదిలీల మీద చర్చ రేగింది. నేను ఒక జోకు రాస్తున్నాను. రెండు సార్లు చెరిపి మూడోసారి రాశాను. ఈదురుగాలికి తలుపు కొట్టుకుంటే లేచి గడియ పెట్టి వచ్చి, మళ్లీ కూర్చుని పూర్తి చేశాను. జోకు బాగానే వచ్చింది. పదకొండు మంది నవ్వు ముఖాలు పెట్టారు. వాళ్ల పేర్లు చదువుతుండగా, డాబా మీంచి నీళ్లు పడే గొట్టం చప్పుడు చేస్తోందని తెలిసింది.

పది నిమిషాల వాన. నేను పైకి వెళ్లేసరికి ఎండ కూడా వచ్చేసింది. ముక్కలు స్నానం చేసినట్టున్నాయి. బెల్లం ఊట మీద చుక్కలు పడి, పాకం పలచబడింది. తువ్వాలు తెచ్చి ముక్కల్ని ఒక్కొక్కటే తుడిచాను. కింద గదిలో టేబుల్ ఫ్యాను పెట్టి అరగంట ఆరబెట్టాను. మళ్లీ పైకి తీసుకెళ్లి పరిచాను. సాయంత్రానికి డాబా ఆరిపోయింది, ముక్కలూ ఆరినట్టే ఉన్నాయి. చూడ్డానికి ఏ తేడా లేదు. చూడ్డానికి తేడా లేకపోవడమే నన్ను చెడగొట్టింది.

అమ్మ వస్తూనే, మబ్బేమైనా పట్టిందా అని అడిగింది. విజయనగరంలో చినుకు లేదట. మా జిల్లాల్లో వేసవి వాన వీధికో తీరుగా పడుతుంది. ఒక వీధిలో గొడుగు, పక్క వీధిలో చలవ కళ్లద్దాలు. కాబట్టి అబద్ధం సులువు.

"ఇటు పడలేదమ్మా," అన్నాను.

నెల తరువాత జాడీ తీశారు. ఆదివారం పొద్దున్న. పిన్ని కూడా తన గిన్నె పట్టుకుని వచ్చింది. గుడ్డ విప్పగానే కల్లు వాసన కొట్టింది. పైన నురగ, నురగ మీద తెల్లటి బూజు. అమ్మ గరిటెతో ఒకసారి లోపలికంటా తిప్పి చూసి, గరిటె పక్కన పెట్టేసింది.

పిన్ని జాడీ వైపు కాదు, మరదలి వైపు చూసింది.

"కలిపిన రోజు గుంట బయటున్నాదేమో అడిగేవేటి అక్కా? ఆల్లిల్లల్లో ఇవన్నీ సూడరు గదా."

గుంటంటే మా వైపు ఆడపిల్ల. బయట ఉండటం అంటే నెలసరి. ఆ మూడు రోజుల్లో చెయ్యి తగిలితే పచ్చడి పాడవుతుందని మా వాళ్ల నమ్మకం. అమ్మ ఏమీ అడగలేదు. మరదలు ఏమీ చెప్పలేదు. నేను అక్కడే ఇడ్లీ తింటున్నాను. తింటూనే ఉన్నాను. కావాలంటే రెండు నిమిషాల్లో అయిపోయే సంగతి. వాన పడిందంటే చాలు. ఎదురుగా ఉన్నది నేను రెండు వారాల తరువాత క్లాసులో చెప్పాల్సిన పాఠం: బూజు, దాని బీజాలు, వాటికి కావలసిన తడి. బోర్డు మీద బొమ్మ వేసి భాగాలు గుర్తించగలను. ఇంకో ఇడ్లీ వేసుకున్నాను.

పచ్చడి పెరట్లో గొయ్యి తీసి పారబోశారు. గొయ్యి తవ్వింది నేనే. పనిసాయం చేశానని అమ్మ మెచ్చుకుంది.

తరువాత ఎవరూ గొడవ పడలేదు. గొడవ జరిగి ఉంటే మధ్యలో ఎక్కడో నేను నిజం చెప్పేసేవాణ్ణేమో. జరిగింది ఇంతే: జాడీల బీరువా దగ్గర "నాను తీస్తాన్లే అమ్మా" మళ్లీ మొదలైంది. కార్తీకంలో గుమ్మడి వడియాలు పెట్టినప్పుడు పిండి కలపడానికి పిన్నిని పిలిచారు. మరదలు కిటికీలోంచి చూసి డ్యూటీకి వెళ్లిపోయింది. కొన్నాళ్లకి, నెలలో మూడు రోజులు కంచం తీసుకుని వెనక వరండాలో కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఎవరూ కూర్చోమనలేదు. అమ్మ మాత్రం పిన్నితో, పిల్ల మన పద్ధతులు నేర్చుకుంటోందని సంతోషంగా చెప్పుకుంది. తమ్ముడు ఆ ఒకటిన్నర రోజుల్లో ఏం గమనించాడో నాకు తెలియదు. నేను మాత్రం అన్నీ గమనించాను. గమనించడంలో నాకు మంచి శిక్షణ ఉంది.

చలికాలంలో ఒక ఆదివారం, ఆమె చర్చి నుంచి వచ్చి వరండాలో కంచం పెట్టుకుని కూర్చుంది. నేను అటుగా వెళ్తూ, అలవాటు కొద్దీ, నర్సమ్మగారికే క్వారంటైనా అన్నాను. ఎప్పుడూ నా మాటలకి నవ్వే మనిషి. ఆరోజు నవ్వలేదు.

"ఆరోజు నాకు నిజంగానే రెండోరోజు బావగారూ," అంది.

ఏ రోజని అడగాల్సిన పని లేదు. ఆమే చెప్పుకుంటూ పోయింది. అత్తయ్య మూడేళ్లకి మొదటిసారి కలపమన్నారని, ఒంట్లో సంగతి చెబితే బేసిను వెనక్కి తీసేసుకుంటారని చెప్పలేదట. వాళ్లింట్లో ఇలాంటివి పట్టించుకోరు. ఆసుపత్రిలో రోజూ ఆడపిల్లలకి, ఇది అంటు కాదమ్మా, అన్నీ ముట్టుకోవచ్చు అని చెప్పేది తనే.

"ఆల్లకి సెప్పి ఇంటికొచ్చి నానిక్కడ కూకుంటన్నాను. నమ్మకం లేదు బావగారూ. కానీ పాడైంది గదా. పెద్దోల్లు ఊరికే అంటారా అనిపిస్తాది."

నేను చాలా మందికి చాలా విషయాలు బోధించాను. ఒక చదువుకున్న నర్సుకి మూఢనమ్మకం నేర్పడం మాత్రం అదే మొదలు. అది కూడా ఒక్క మాట మాట్లాడకుండా.

అక్కడే నిలబడి చెప్పేశాను. వాన, తువ్వాలు, ఫ్యాను. ఆమె తినడం ఆపలేదు. ఎంతసేపు పడిందని మాత్రం అడిగింది. పది నిమిషాలన్నాను. అత్తయ్యకి తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. అన్నం ముగించి, కంచం కడిగి బోర్లించి, లోపలికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది. అది కూడా ఆమెకి తెలిసే ఉంటుంది.

ఆ సాయంత్రమే అమ్మకి చెప్పాను. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. విని, ముందు నవ్వింది. చిన్నప్పుడు నేను పొయ్యి మీద పాలు పొంగబెట్టేసినప్పుడు నవ్విన నవ్వే.

"ఎదవా, అప్పుడే సెప్తే అయిపోను గదరా. పోన్లే, పచ్చడే గదా." తరువాత గొంతు తగ్గించి, "పిన్నికి సెప్పకు. ఇప్పుడీ సంగతెందుకు. ఆ గుంటకీ మంచి అలవాటే అయ్యింది గదా" అంది.

మరదలి చేతిలో అది అపచారం, నా చేతిలో పచ్చడి. అమ్మ మాట జవదాటని కొడుకనిపించుకునే అవకాశం నాకు అంతకుముందు పెద్దగా రాలేదు. ఆసారి జవదాటలేదు. పిన్నికి చెప్పలేదు.

ఈ వేసవిలో మళ్లీ ముక్కలు కొట్టించారు. హాల్లో చాప మీద అమ్మ, పిన్ని, మరదలు. నేను కుర్చీలో పేపరు పట్టుకుని ఉన్నాను. మరదలి పని ముక్కలు తుడవడం వరకే. పిన్ని చీర కుచ్చిళ్లు సర్దుకుని బేసిను ముందుకి జరుగుతూ, పోయినేడులా కాకుండా ఈసారి శుభ్రంగా చేసుకుందాం అంది.

మరదలు గుడ్డ కింద పెట్టింది.

"ఈయేళ నాకు రెండోరోజు సిన్నత్తయ్యా. పోయినేడూ రెండోరోజే. పాడైంది నావల్ల కాదు, వానవల్ల. బావగార్ని అడగండి."

గొంతు పెంచలేదు. మందు ఎన్ని పూటలు వేసుకోవాలో చెప్పినట్టు చెప్పింది. పిన్ని నా వైపు తిరిగింది. అమ్మ ఆవపిండి వైపు చూస్తోంది.

నాకు చేతనైన పనే చేశాను. వరుణదేవుడు ముందుగా సెలవు చీటీ పెట్టకుండా వచ్చాడని, నేను ఆయన్ని ఆహ్వానించలేదని ఏదో అన్నాను. పిన్ని నవ్వేసింది. అమ్మ కూడా, బతికిపోయినట్టు, నవ్వింది. మరదలు నా ముఖంలోకే చూస్తోంది. నవ్వు అయిపోయే దాకా చూసింది. అయిపోయాక కూడా చూస్తూనే ఉంది.

అప్పుడు మామూలుగా చెప్పాను. వాన పడింది. నేను ఫోను చూసుకుంటూ దింపలేదు. తడిసినవే తుడిచి పెట్టాను. అమ్మ అడిగితే పడలేదని అబద్ధం చెప్పాను. నాలుగు వాక్యాలు. వాటిలో హాస్యం లేదు కాబట్టి ఎవరూ నవ్వలేదు.

"ఏడాది పొడుగునా ఆ గుంటనన్నాం గదరా," అంది పిన్ని. తరువాత, "నీకు తెలీదేటక్కా?" అని అమ్మనడిగింది.

అమ్మ బేసిను అంచు పట్టుకుని పిన్ని ముందు నుంచి లాగి, మరదలి వైపు జరిపింది. మరదలు వెంటనే ముట్టుకోలేదు. అమ్మ రెండోసారి ఇంకొంచెం జరిపింది. అప్పుడు గాజులు పైకి తోసుకుంది.

ఒక ఆడపిల్ల తన ఇంట్లోనే ఒక బేసినులో చెయ్యి పెట్టడానికి, బావగారి ఎదుట తన ఒంటి లెక్క చెప్పుకోవలసి వచ్చింది. ఆ బావగారు ఒక వాక్యం దాచుకున్నందుకు. నాకు పేపరు పట్టుకుని అక్కడ కూర్చోవడం చేతకాలేదు, లేచి వెళ్లిపోవడం అంతకంటే చేతకాలేదు. చాప మీదకి దిగి, పక్కనున్న చేటలోని వెల్లుల్లిపాయలు ఒలవడం మొదలుపెట్టాను. ఎవరూ ఒలవమనలేదు. చాలానే ఒలిచాను. వేళ్లు మండుతుంటే బాగానే అనిపించింది.

మరదలు ముక్కలు కిందికీ పైకీ కలుపుతూ, తల తిప్పకుండానే అంది.

"ఇందులో ఎల్లుల్లి ఎయ్యరు బావగారూ."

సరేనమ్మా అన్నాను.