ఖాళీ ఫ్లాష్

మొన్న దసరాకు నాలుగు రోజుల ముందు, మా అక్కకు పండక్కి ఒక ఫోను కొనిద్దామని జూబ్లీహిల్స్‌లో ఒక అద్దాల షాపుకు వెళ్ళాను. మామూలు ఫోను కాదు, అక్కడున్న వాటిలోకెల్లా గొప్పది. డెబ్భై రెండేళ్ళ మనిషికి అంత ఖరీదైన ఫోను దేనికని ఇంట్లో అందరూ అడిగారు. చూపు మందగించింది కదా, తెర పెద్దగా ఉంటే మనవళ్ళ మొహాలు బాగా కనిపిస్తాయని ఏదో చెప్పి వాళ్ళ నోళ్ళు మూయించాను. అసలు కారణం నలభై ఏళ్ళ నాటిది, అది ఇంట్లో ఎవరికీ తెలియదు.

షాపులో ఒక అమ్మాయి ఎంతో ఓపికగా కెమెరా అంటే ఏమిటో నాకు చెప్పడం మొదలుపెట్టింది. సినిమాలకు స్టిల్ ఫోటోలు తీస్తూ ముప్ఫై అయిదేళ్ళు ఫిల్మ్ నగర్ చుట్టూ తిరిగినవాణ్ణి, ఆ సంగతి చెప్పుకోవడమెందుకని బుద్ధిగా తలూపుతూ విన్నాను. మూసుకున్న కళ్ళను ఈ ఫోను తెరిపిస్తుందట, అక్కర్లేని మనుషుల్ని మాయం చేస్తుందట. విడివిడిగా ఉన్న ఇద్దర్ని పక్కపక్కన నిలబెడుతుందట కూడా. "మీ దగ్గరున్న ఫోటోలేవైనా పంపండి అంకుల్, చూపిస్తా" అంది. నా ఫోన్లో అక్క ఫోటో ఒకటుంది, బావది ఒకటుంది. ఆరేళ్ళ క్రితం బావ పోయినప్పుడు, ఆయన కండక్టరు ఉద్యోగానికి దిగిన చిన్న ఫోటోను పెద్దది చేయించి గోడకు పెట్టింది అక్క, నా దగ్గరున్నది దానికి తీసిన నకలు. రెండూ పంపాను. ఆ అమ్మాయి ఏదో నొక్కింది. బావ, అక్క భుజం భుజం కలిపి నవ్వుతూ నిలబడ్డారు.

వాళ్ళిద్దరూ కలిసి ఉన్న ఫోటో ఈ భూమ్మీద ఒక్కటి కూడా లేదు. లేకపోవడానికి కారణం నేనే.

మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఫోటో అంటే రీలు, రీలంటే ముప్ఫై ఆరు, అందులో ఒక్కటి వృథా అయినా ప్రాణం ఉసూరుమనేది. సినిమాలకు స్టిల్స్ తీసే మా గురువుగారి దగ్గర నేను అసిస్టెంటుగా చేరిన కొత్త రోజులవి. ఉండడం యూసుఫ్‌గూడలో అక్కా బావా వాళ్ళింట్లోనే. రెండు గదుల ఇల్లు, అందులో ఒకటి దాదాపు నాకే ఇచ్చేశారు. పొద్దున్న ఆరింటికి షూటింగంటే అయిదింటికే అక్క నా చేతికి టిఫిను డబ్బా ఇచ్చేది, పొద్దుటి డ్యూటీ ఉన్న రోజుల్లో బావ తన బస్సులోనే నన్ను ఎక్కించుకుని దింపేవాడు. నేను పెద్ద ఫోటోగ్రాఫర్ని అవుతానని నాకంటే ఆయనకే ఎక్కువ నమ్మకం. బస్సులో తెలిసినవాళ్ళు ఎక్కితే చాలు, మా బామ్మర్ది సినిమాలల్ల ఉంటడు అని మొదలుపెట్టేవాడు, నాకు సిగ్గేసి కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి.

షూటింగు చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ హీరో పక్కన ఒక ఫోటో కావాలనేవారు. అందరికీ తీస్తే కంపెనీ రీళ్ళు ఏ మూలకూ చాలవు, కాదంటే వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. అందుకని గురువుగారు నాకు మొట్టమొదట నేర్పిన విద్య ఏమిటంటే, రీలు లేని కెమెరా ఒకటి మెళ్ళో వేసుకుని, "రెడీ" అని, ఫ్లాష్ మాత్రం వెలిగించడం. మాలో మేము దాన్ని ఖాళీ ఫ్లాష్ అనుకునేవాళ్ళం. వెలుగు పడేది, వాళ్ళ మొహాలూ వెలిగిపోయేవి, చిరునామా రాసుకుని పంపిస్తామనేవాళ్ళం. ఎవరూ మళ్ళీ వచ్చి అడిగేవారు కాదు. అది మోసమని నాకెప్పుడూ తోచలేదు, పైగా చాలా తెలివైన పద్ధతి అనిపించేది.

ఆ ఏడు దసరాకు స్టూడియోలో ఆయుధపూజ. కెమెరాలకూ లైట్లకూ కుంకుమ పెట్టి బంతిపూలు కట్టి, పనివాళ్ళ ఇంటివాళ్ళను కూడా లోపలికి రానిచ్చేవారు. అక్క పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది, బావ కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఇంట్లో ఎన్నోసార్లు అనుకున్నారట, తమ్ముడి చేత్తో ఇద్దరమూ ఒక ఫోటో దిగాలని. పెళ్ళప్పుడు కూడా దిగలేదు వాళ్ళు.

ఇక్కడ నేను నిజం చెప్పాలి. రీలు లేక కాదు. నా సంచిలో కొత్త రీలు ఉంది, కెమెరాలో వేయడం రెండు నిమిషాల పని. కానీ అవతల డైరెక్టరుగారు వచ్చారు, ఆయన కంట్లో పడాలని నా ఆరాటం. ఇవతల బావేమో రాజమహలు సెట్టులో సింహాసనాన్ని తట్టి చూసి, "గిది కట్టెనేనా, ఒట్టి అట్టనా" అని గట్టిగా అడుగుతున్నాడు, అందరూ నవ్వుతున్నారు. నాకు నామోషీ అనిపించింది. నాకు అన్నం పెట్టే మనుషుల్ని చూసి నేను సిగ్గుపడ్డాను. తొందరగా పంపేయాలని మెళ్ళోని ఖాళీ కెమెరా ఎత్తి, "రెడీ, కదలొద్దు" అన్నాను.

బావ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. రెప్ప కూడా వేయలేదు. నేను ఫ్లాష్ వెలిగించి అయిపోయిందన్నాక కూడా అలాగే ఉండి, ఇంకోసారి చెబితే అప్పుడు వదిలాడు ఊపిరి.

ఆ తరవాత ప్రతి వారం అక్క ఫోటో ఏదని అడిగేది. ఇంకా కడగలేదన్నాను, లాబ్‌లో ఉందన్నాను. ఒక రోజు అన్నం తింటుండగా అడిగితే ఇక చెప్పడానికేమీ లేక, బావ కదిలిండక్కా, మొహం చెదిరిపోయింది, అందుకే ప్రింటు వేయలేదు అనేశాను. అక్క కంచం దగ్గరే బావను కడిగేసింది. "జరసేపు నిలబడనీకి ఏమైంది నీకు? ఒక్క ఫోటో గుడ దిగరాదా?" బావ కంచంలో చెయ్యి పెట్టి నావంక చూశాడు. నేను తలెత్తలేదు. "కదిలిన్నేమో తియ్" అని మళ్ళీ అన్నం కలుపుకున్నాడు.

అంతటితో పోతే బాగుండేది. అది ఇంట్లో ఆటపట్టించే మాటగా మిగిలిపోయింది. ఏ పెళ్ళిలో కెమెరా ఎత్తినా, "జర కదలకు, పోయినసారి లెక్క" అని అక్క అనేది, చుట్టాలందరూ నవ్వేవారు. కొన్నాళ్ళకు బావ కెమెరా కనబడితే చాలు పక్కకు జరిగేవాడు, నేను కదుల్తా గని మీరు దిగుండ్రి అనేవాడు. అలా ముప్ఫై నాలుగేళ్ళు పక్కకు జరుగుతూనే వెళ్ళిపోయాడు. నేను చేతిలో కెమెరా పెట్టుకుని ఆ నవ్వుల్లో నవ్వు కలిపినవాణ్ణి.

షాపులో ఆ జంట ఫోటో చూస్తుంటే, పాపం కడిగేసుకోవడం ఎంత తేలికో అనిపించింది. పాత నెగెటివ్ దొరికిందక్కా, ఇప్పటి ఫోన్లు చెదిరిన మొహాల్ని కూడా సరిచేస్తున్నాయి అంటే, అక్క నమ్మేస్తుంది. గుండెకు హత్తుకుంటుంది. మాట నా నాలుక చివరిదాకా వచ్చేసింది. అంతలో ఆ అమ్మాయి, "సూపర్ ఉంది కదా అంకుల్, ఎవరూ కనిపెట్టలేరు" అంది. ఆ మాటకు మా గురువుగారి గొంతే విన్నట్టయింది. దాన్ని చెరిపేయమన్నాను. ఫోను మాత్రం కొన్నాను.

అక్కడినుంచి ఆటోలో నేరుగా అక్క దగ్గరికే వెళ్ళాను. ఫోను చేతిలో పెడితే, "గింత పెద్దది నాకెందుకురా" అంటూనే చీర కొంగుతో తుడుచుకుని ముచ్చటపడింది. ఆ ముచ్చట మొహంలో ఉండగానే చెప్పేశాను, లేకపోతే ఇక చెప్పలేను. "అక్కా, ఆ దినం నా కెమెరాల రీలే లేకుండె. బావ కదల్లే. అబద్ధమాడిన."

అక్క తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఫోను పక్కన పెట్టింది. "అంటే మీ బావ కదల్లే" అంది మెల్లగా. తరవాత లేచి వెళ్ళి గోడమీది ఫోటో ముందు నిలబడింది. "ఏమయ్యా, గిన్నేండ్లు నాతోని తిట్టిచ్చుకుంటివి. నేను కదల్లేదని ఒక్కసారన్న చెప్పకపోతివి" అంది. కాసేపటికి వంటింట్లోకి వెళ్ళి చాయ్ పెట్టుకొచ్చి నా ముందు పెట్టింది. అది తాగడం నాకెంత కష్టమైందో నాకే తెలుసు.

ఇప్పుడు ఫోటోకు ఎవరూ ఊపిరి బిగబట్టనక్కర్లేదు. నడుస్తూ, తింటూ, నవ్వుతూ రోజుకు వంద తీసుకుంటున్నారు, కదిలినా ఫోనే సరిచేస్తుంది. మంచిదే, ఏ అక్కా ఏ తమ్ముణ్ణీ వారాల తరబడి ఫోటో ఏదిరా అని అడగక్కర్లేదు. కానీ ఆ రోజు ఆ అట్టముక్కల మహల్లో, అక్క పక్కన, కొత్త చొక్కాలో బావ ఎంత బాగా నిలబడ్డాడో చూసింది కెమెరా కాదు, నేనొక్కణ్ణే. నేను పోతే అదీ పోతుంది.