ఈథీన్‌లో జోడు పోగు

పదో తరగతి పాసైనట్టు కాగితం వచ్చిన రోజు ఇంట్లో అందరి మీదా కోప్పడ్డాను. పరీక్ష పెట్టకుండానే పాస్ చేశారు. కరోనా రెండోసారి ఊరి మీద పడ్డ కాలం అది. పరీక్షలు రద్దు, అందరూ పాసే అన్నారు. ఓపెన్ స్కూల్లో నేను ఫీజు కట్టింది ఒక్క సైన్సుకే. మిగతావన్నీ అంతకు ముందే రాసి గట్టెక్కాను. సైన్సు తప్పాను. ఆ ఒక్కటీ ఇప్పుడు ఊరికే చేతిలో పెట్టారు.

మేముండేది సూరత్‌లో, పాండేసర పక్క బస్తీలో. నేను సాంచాలు నడిపినవాణ్ణి. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. మీసం రాకముందే మా ఊరు వదిలి ఇక్కడికొచ్చాను. నలభై దాటేదాకా జీతం తీసుకునే చోట వేలిముద్రే వేశాను. అక్షరాలు ఆ తర్వాత నేర్చుకున్నాను. మా గల్లీలో ఆదివారాలు తెలుగు క్లాసు చెప్పేవారు. నా కొడుకు ఈడు వాళ్ల పక్కన కూర్చుని అఆలు దిద్దాను. సిగ్గుపడలేదు. వేలికి సిరా పూసుకున్నప్పుడు పడ్డ సిగ్గు ముందు ఇదెంత?

ఈ వయసులో పది ఎందుకని అడిగినవాళ్లు చాలామందే. ఉద్యోగం కోసం కాదు. నా చేత్తో రాసి పాసయ్యానని చెప్పుకోవాలి, అంతే.

పాస్ చేస్తూనే ఒక మాట కూడా చెప్పారు. ఈ మార్కులు వద్దనుకున్నవాళ్లు తర్వాత పరీక్ష రాసుకోవచ్చు. రాస్తే మాత్రం అందులో వచ్చినవే ఖాయం. తప్పితే ఇప్పుడిచ్చిన పాసు కూడా పోతుంది.

"నేను రాస్త," అన్నాను.

మా ఆవిడ చేతిలో గరిటె అట్లాగే ఆగింది. "దిమాక్ ఉన్నదా నీకు? చేతికొచ్చిన పాసును పారేసుకుంటవా?"

"అది నేను రాసింది కాదు."

"రేషన్ బియ్యం నువ్వు పండించినవా మరి? తింటలేవా?"

అయినా దరఖాస్తు పెట్టాను.

నన్ను ముంచింది కర్బనం పాఠం. పోయినసారి ఆ ప్రశ్నలన్నీ ఖాళీగా వదిలేసి వచ్చాను. ఈసారి నేర్చుకోవాలంటే ఇంట్లో ఒక్కతే దిక్కు, మా కోడలు. ఊళ్లో ఇంటర్ సైన్సు చదివి పెళ్లై ఇక్కడికొచ్చింది. ఇంట్లోనే చీరలకు రాళ్లు అతికిస్తుంది. కొడుకు మిల్లుకు పోయాక, ఆమె పని కాస్త తెరిపినిచ్చాక పాఠం మొదలయ్యేది. నాకైతే తీరికే. లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగినప్పుడు ఇంటికొచ్చినవాణ్ణి. మళ్లీ అవి నడిచినా ముసలోళ్లను సేట్ పిలవలేదు.

పాఠానికి ఒక అడ్డం ఉంది. మా ఇళ్లలో కోడలు మామ ముందర కూర్చోదు. ఆమె వంటగది గుమ్మం దగ్గర కొంగు సర్దుకుని నిలబడి చెప్పేది. నేను తప్పు రాస్తే, "మంచిగనే ఉన్నది మామా, ఇంకోసారి చూడుండ్రి," అనేది. అంటే తప్పు రాశానని తెలిసేది. ఎక్కడ తప్పానో తెలిసేది కాదు. కొన్నాళ్లు చూశాను.

"గిట్ల అయితే నేను పాస్ కాను బిడ్డా. సాంచా మీద పోగు తెగితే 'మంచిగనే ఉన్నది' అంటే సేట్ ఊకుంటడా? తప్పుంటే తప్పని చెప్పు. ముందు కూసో."

ఆమె అత్త వైపు చూసింది.

"కూసో కూసో," అంది మా ఆవిడ. "పెండ్లయినకాంచి తిడుతున్న, నాతోటి కాలే. నువ్వన్న తిట్టి బాగుచెయ్."

చాప మీద ఎదురెదురుగా కూర్చున్నాం. పాఠం నాకు ఎక్కడం ఆ రోజు నుంచే.

"కర్బనానికి నాలుగు చేతులున్నయ్ అనుకోండ్రి మామా. ఒక్క చెయ్యి గూడ ఖాళీగ ఉండొద్దు. హైడ్రోజన్‌కు ఒక్కటే చెయ్యి."

ఇది నాకు తెలిసిన పనిలాగే తోచింది. సాంచా మీద పాత నూలు అయిపోతే కొత్త నూలు పోగులను ఒక్కొక్కటిగా పాత కొసలకు అతుకుతాం. ఒక్క పోగు అతకడం మరిచినా బట్ట పొడుగునా సందు పడుతుంది. నాలుగు చేతులకూ నాలుగు హైడ్రోజన్లు అతికితే మీథేన్. రెండు కర్బనాలు ఒక్కో చెయ్యి కలుపుకుని, మిగిలిన మూడేసి చేతులకు హైడ్రోజన్లు పట్టుకుంటే ఈథేన్. కర్బనం, హైడ్రోజన్ తప్ప ఇంకోటి లేదు కాబట్టి వీటిని హైడ్రోకార్బన్లన్నారు. మూడు కర్బనాల ప్రొపేన్, నాలుగింటి బ్యూటేన్ మా వంటింటి సిలిండర్లోనే ఉన్నాయట. గాలి సరిగా అందకపోతే ఆ గ్యాస్ పూర్తిగా కాలక పసుపుపచ్చ మంట వచ్చి, మిగిలిన కర్బనం గిన్నెలకు మసిగా పట్టుకుంటుందట. పొయ్యి బర్నరు రంధ్రాలు పిన్నీసుతో పొడిచి శుభ్రం చేశాను. మంట నీలంగా తిరిగింది. "నీ చదువుతోటి నాకైన లాభం గిదొక్కటే," అంది మా ఆవిడ.

తర్వాత ఈథీన్ వచ్చింది. పుస్తకంలో రెండు కర్బనాల మధ్య రెండు గీతలున్నాయి. నాకు అది నచ్చలేదు. ఒక పోగు పోవాల్సిన చోట రెండు పోతే మేం జోడు పోగు అంటాం. బట్ట మీద లావుగా చార తేలుతుంది. తనిఖీ చేసేవాడు ఆ తానును పక్కన పారేస్తాడు. జోడు పోగుకు తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. ఎక్కడ కనబడినా ఒకటి లాగి పారేయడం నా చేతికి అలవాటు. ఇక్కడా అదే చేశాను. ఒక గీత రబ్బరుతో చెరిపి, ఖాళీ అయిన రెండు చేతులకూ చెరో హైడ్రోజన్ పెట్టాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

కోడలికి ఓపిక పోయింది. "మామా, ఇది ఈథీన్ కాదు, ఈథేన్! మళ్ల చెరిపిన్రా?"

"రెండు గీతలెందుకు బిడ్డా? ఒకటి తీసిన, సాఫ్ అయింది. లెక్కపెట్టు, ఒక్క చెయ్యి ఖాళీ లేదు."

"సాఫ్ ఎవరు చెయ్యమన్నరు మిమ్ముల? నూనెల హైడ్రోజన్ కలిపి డాల్డా చేస్తరు చూడుండ్రి, గదే పని ఇది. ఫ్యాక్టరీల నికెల్ పెట్టి చేసేది మీరు రబ్బరుతోటి చేసిన్రు!"

"తిట్టింది! నా కోడలు తిట్టింది!" వంటగదిలోంచి మా ఆవిడ నవ్వు.

కోడలు నాలుక కరుచుకుంది కానీ ఆగలేదు. ఆ రెండు గీతలు తప్పు కాదంది. వాటిని ద్విబంధం అంటారని, అందులో ఒకటి విడిపోయి ఇంకో దాన్ని చేర్చుకోగలదని, దాన్నే సంకలన చర్య అంటారని చెప్పింది. ఈథేన్‌కు అట్లా చేర్చుకునే చోటు లేదు. "పుస్తకంల లేదు గని ఇంకొకటి చెప్త. పాలిస్టర్ నూలుకు రెండు సరుకులు కలుపుతరు. దాంట్ల ఒకటి ఈథీన్ నుంచే తయారైతది, ఆ ఈథీన్ భూమిలకెల్లి తీసిన నూనెతోటి వస్తది. మీరు గిట్లనే సరిచేసుకుంట పోతే మీ సాంచా మీదికి నూలే రాదు."

బతుకంతా నడిపింది ఆ నూలే. కాలిస్తే నల్లటి పొగొచ్చి కొస గట్టి పూసవుతుందని తెలుసు. భూమిలోంచి తీసిన నూనెతో మొదలైందని తెలియదు. తెలిసిందని సంతోషం కలగలేదు, చిరాకేసింది. మగ్గం రూలు వేరు, కర్బనం రూలు వేరు. బుర్ర ఒప్పుకుంది. చెయ్యి ఒప్పుకోవాలి.

అందుకని నేనే పందెం పెట్టాను. ఈథీన్ అడిగితే ఈథేన్ గీసిన రోజు సాయంత్రం నాకు చాయ్ లేదు. మా ఆవిడ ఈ పని మహా ఇష్టంగా చేసింది. చాలా సాయంత్రాలు నేను మంచినీళ్లు తాగాను.

పరీక్ష ఖటోదరా అవతల ఒక బడిలో పెట్టారు. నుదుటికి మిషను పెట్టి జ్వరం చూసి లోపలికి పంపారు. మాస్కులోంచి ఊపిరి కళ్లద్దాలకు ఆవిరి పట్టించింది. కాగితం ఇవ్వకముందే రబ్బరు తీసి జేబులో వేసుకున్నాను. బయటికి తీయకూడదని గట్టిగా అనుకున్నాను.

ప్రశ్న రానే వచ్చింది. ఈథేన్, ఈథీన్ గీయండి, సంకలన చర్య దేనిలో జరుగుతుందో రాయండి. ఈథేన్ ఒక్క ఊపులో గీశాను. ఈథీన్‌కు రెండు గీతలు పెట్టాను. చెయ్యి జేబు దాకా పోయింది. వెనక్కి తెచ్చుకున్నాను.

ఇంకో ప్రశ్నకు గుండె బొమ్మ గీసేటప్పుడు ఒక నాళం పక్కకు పోయింది. చెరిపితే బాగుపడేది. చెరపలేదు. జేబులో చెయ్యి పెడితే మళ్లీ ఈథీన్ దగ్గరికి పోతానని నాకు తెలుసు. ఆ వంకర గుండెనే ఇచ్చి వచ్చాను.

పాసయ్యాను, అంచు మీద. ఊరికే ఇచ్చినప్పటి కంటే మార్కులు తక్కువ.

"చూసినవా? ఫుకట్‌ల ఇచ్చినప్పుడే ఎక్కువుండె," అంది మా ఆవిడ.

"ఉండనీ. ఇవి నావి."

కోడలు కాగితం పైనుంచి కిందికి చూసింది. "ఈథీన్‌కు పడ్డయా మామా?"

ఏ ప్రశ్నకు ఎన్ని వచ్చాయో అందులో రాయరు.

"పడ్డయ్ బిడ్డా," అన్నాను. "రెండు గీతలు గట్లనే ఇడిసిపెట్టి వచ్చిన."

ఆ సాయంత్రం మా ఆవిడ చాయ్ ఇచ్చింది. పందెం ముగిసిందని ఆమెకు గుర్తు చేయాల్సిన పని పడలేదు.