గుర్రపుడెక్క కింద

మా పై అంతస్తులో ఉండే మిలిటరీ తాత మొన్న సోమవారం పొద్దున పోయాడు. వాచ్‌మన్ చెబితే, పాలప్యాకెట్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

వర్తూరులోని ఈ అపార్ట్‌మెంట్లో మేం అద్దెకు దిగినప్పటి నుంచి ఆయన్ని ఎరుగుదును. ఎన్నడూ లిఫ్ట్ ఎక్కలేదు. ఇంట్లో ఏ గదికీ గడియ పెట్టనిచ్చేవాడు కాదు. పక్కింటి తలుపు దభాలున పడితే ఆయన చేతిలో కాఫీ తొణికేది. ఆయన భార్య, అవ్వ, భుజం మీద చెయ్యి వేసేది.

ఒకసారి కరెంటు పోయి నేను లిఫ్ట్‌లో ఇరుక్కుపోయాను. బయటికి తీశాక కూడా వాచ్‌మన్ చెయ్యి వదల్లేదు. చూస్తున్నవాళ్లు నవ్వారు. తాత నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చున్నాడు.

“భయపడితే సిగ్గెందుకప్పా? నన్ను బతికిచ్చింది భయమే.”

ఆ రోజే చెప్పాడు. బంగ్లాదేశ్ యుద్ధంలో గస్తీకి వెళ్లి శత్రువులకు చిక్కాడట. ఒక బడి గదిలో పడేసి బయట గడియ పెట్టారు. గడియ తీసిన చప్పుడైన ప్రతిసారీ, కాల్చేయడానికే వచ్చారనుకునేవాడు. ఒక ఉదయం బాంబులు పడి గోడ కూలింది. కావలివాళ్లు నేలకు కరుచుకుపోయారు. ఆయన పరుగెత్తాడు. చుట్టుపక్కల ఊళ్లన్నీ శత్రువుల చేతిలోనే ఉన్నాయి.

ఒక చెరువులో దిగి, గుర్రపుడెక్క కింద ముక్కు మాత్రం బయటపెట్టి దాక్కున్నాడు. ఒడ్డున గిన్నెలు తోముతున్న ఒకామె చూసేసింది. అంతలోనే సైనికులు వచ్చారు.

“ఆ యమ్మను ఏమో అడిగినారు. నా గుండె కొట్టుకునేదానికి నీళ్లు కదుల్తాయేమోనని భయమప్పా. ఆ యమ్మ నా దిక్కు చూడనే లేదు. చెయ్యెత్తి తోపు దిక్కు చూపిచ్చె. వాళ్లు అట్ల పాయిరి.”

ఆమె మొగుడి లుంగీ తెచ్చిచ్చి, ఎటు వెళ్లాలో సైగ చేసింది. ఆ వేషంలో పొలాలకు అడ్డంపడి నడిచాడు. దారిలో సైనికులు ఆపితే మూగవాడిలా నటించాడు. చివరికి మనవాళ్ల కాపలా కనబడింది. “ఎవరది?” అని హిందీలో అరుస్తూ సెంట్రీ తుపాకీ ఎక్కుపెట్టాడు. హిందీలోనే జవాబు చెప్పాలి. కానీ గొంతులోంచి “అమ్మా!” అని ఒక్క కేక వచ్చింది. సెంట్రీకి తెలుగు రాదు. అయినా తుపాకీ దించాడు.

ఆ తర్వాత నాకు ఎప్పుడు భయమేసినా, తాత పక్కన మెట్ల మీద కాసేపు కూర్చునేవాణ్ణి. భయపడకు అని ఆయన ఒక్కసారీ అనలేదు.

పోయిన నెల ఆసుపత్రిలో చూడబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“తోపులో నేను దొరక్కపోతే వాళ్లు మళ్లీ వచ్చింటారు కదప్పా? ఆ యమ్మను ఏం చేసినారో.”

“ఆమెకేమీ అయ్యుండదు తాతా,” అన్నాను. నాకేం తెలుసు?

ఆయన కళ్లు మూసుకున్నాడు.

“పోతా పోతా ఒకసారి తిరిగి చూస్తి. గట్టుమీద బురదలో నా అడుగులు పడిండాయి. ఆ యమ్మ వంగి, బిందెతో వాటి మీద నీళ్లు పోస్తా ఉండింది.”