ఫోనుకు ఇరుగుపొరుగు

శుక్రవారం పొద్దున మసీదు మైకులో చనిపోయినాయన పేరు చదివి, జుమ్మా నమాజు తర్వాత జనాజా అని చెప్పారు. ఆ పేరు ఎవరిదో నాకు తట్టలేదు. టీకొట్టాయన "మన తాళాల చాచానే" అన్నాక తెలిసింది. సుల్తానాబాద్ బస్టాండు ఎదురుగా ఆయన తాళంచెవుల బండి, నా ఫోన్ రిపేరు షాపు పదకొండేళ్లు పక్కపక్కనే ఉన్నాయి. పేరు అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

చాచా మహానుభావుడని చెప్పడానికి ఇది రాయడం లేదు. మొండిమనిషి. ఎవరైనా తొందరపెడితే ఆకురాయి కింద పెట్టి బీడీ ముట్టించేవాడు. తాళంచెవి పోయిందని ఎవరు పిలిచినా బండి నాకు అప్పగించి వెళ్లేవాడు. కానీ తాళం మీద చెయ్యి వేసేముందు అటుపక్కింటి నుంచి ఒకరిని, ఇటుపక్కింటి నుంచి ఒకరిని పిలిచి, "గీ ఇల్లు గీయనదేనా?" అని అడగాల్సిందే. పక్కింటివాళ్లు పెళ్లికి పోయారని, ఒక సారు తన సొంత ఇంటి ముందే గంటసేపు ఎండలో నిలబడ్డాడు. ఆ సంగతి విని నేను నవ్వితే చాచా అన్నాడు: "తెరుసుడు హునర్ గాదు, పనితనం గాదు బేటా. గది దొంగకు గూడ అస్తది."

నాకది చాదస్తం అనిపించేది. నా షాపులో ఫోన్ ఎవరు తెస్తే వాళ్లే యజమాని.

పోయినేడు తెలిసినతను ఒకడు భార్య ఫోన్ తెచ్చాడు. లాక్ మర్చిపోయిందట. రోజూ టీ దగ్గర కనబడే మనిషి కదా అని పది నిమిషాల్లో తీసిచ్చాను. ఆమె ఎవరితో మాట్లాడుతుందో చూడటానికే తెచ్చాడని నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. రెండు రోజులకు ఆమె చేతికి కట్టుతో మా షాపు ముందునుంచే నడిచిపోయింది. ఫోన్లో ఉన్నవి అక్కతో చెప్పుకున్న కష్టాలేనట.

చాచాతో చెప్పాను. తిడతాడనుకున్నాను. రాకుతున్న తాళంచెవి పక్కన పెట్టి, "ఇంటికి అటొక ఇల్లు, ఇటొక ఇల్లు ఉంటది. ఫోనుకు ఇరుగుపొరుగు ఎవరు బేటా?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. వేలిముద్ర, ముఖం, ఓటీపీ అని ఏవేవో చెప్పాను.

"అవన్ని తాళాలే గద. నేను మనుషులను అడుగుతున్న" అన్నాడు.

జవాబు నాకు ఇప్పటికీ తెలియదు. అప్పటినుంచి మాత్రం ఫోన్ ఎవరిదో వాళ్లే రావాలంటున్నాను. సగం బేరాలు పోయాయి. చాచా అది చూసి మెచ్చుకున్నాడా అంటే, లేదు. "జర లేటుగ నేర్సినవ్" అన్నాడు. ఆ మాటకు వారం రోజులు ముభావంగా ఉన్నాను. ఆయన చెప్పింది నిజమే.

జనాజా అయిన నాలుగో రోజు, అప్పుడు చేతికి కట్టుతో నడిచిపోయిన ఆమె షాపుకు వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. క్షమించమని అడగాలనుకునేలోపే ఆమె తన ఫోన్ కౌంటర్ మీద పెట్టి, దాని మీద నుంచి చెయ్యి తీయలేదు.

"అన్నా, కొత్త లాక్ పెట్టుకోవాలె. నీకు గూడ తెల్వకుంట పెట్టుకునుడు ఎట్లనో జర చెప్పు."

ఎక్కడెక్కడ నొక్కాలో దూరంనుంచే చెప్పాను. చాచాకు చెప్పాల్సిన సంగతి ఇది. చెప్పడానికి ఆయన లేడని అప్పుడు బాధ కలిగింది. ఆమె గోడవైపు తిరిగి ఫోన్ మీద కొంగు కప్పుకుంది. కొంగు కింద వేలు మెల్లగా కదులుతోంది. నేను రోడ్డు మీద బస్సులను చూస్తూ నిలబడ్డాను.