మా ఊరి నీళ్ళ ముగ్గు

నా చిన్నప్పుడు, ఏడో తరగతిలో ఉండగా, ఒక వేసవిలో మా ఊరి నూతులన్నిటినీ పిల్లలం రుచి చూసేశాం. తొంభైల చివరి మాట. అల్లవరం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చిన్న ఊరు మాది. ఈ సంగతి మొదలుపెడితే చాలు, ఇప్పటికీ నా మాటల్లో తొందర వచ్చేస్తుంది. మా ఇంట్లో పిల్లలు నన్ను చూసి నవ్వుతారు.

దీనికంతటికీ కారణం మా సైన్సు మాస్టారు. కొత్తపేట నుంచి బదిలీ మీద వచ్చి మా ఊళ్ళోనే అద్దెకుండేవారు. ఒకరోజు, ఎవరింటి నూతి నీళ్ళు వాళ్ళు సీసాలో పట్టుకురమ్మన్నారు. తెల్లారి వాటిలో ఏడు సీసాలు బల్ల మీద వరసగా పెట్టించి, కళ్ళకు తువ్వాలు కట్టుకుని ఒక్కో గుక్క తాగుతూ, ఇది రేవు వీధిది, ఇది కొబ్బరికాయల కొట్టు పక్కింటిది అని చెప్పేయడం మొదలుపెట్టారు. ఏడింటిలో ఆరు సరిగ్గా చెప్పారు! మేం కేకలు పెట్టాం. మంత్రమేమో అనుకున్నాం.

ఆయన తువ్వాలు విప్పి నవ్వారు. బడి మానేసిన పిల్లల కోసం ఆయన ఇల్లిల్లూ తిరిగేవారు. "వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ మీ అమ్మలు మంచినీళ్ళిచ్చేరర్రా. తాగి తాగి గుర్తుపట్టేను. నిరుడు తియ్యగా ఉన్న నూతులు కొన్ని ఈ ఏడు ఉప్పగా ఉన్నాయి. ఎందుకో కనిపెడదామా?"

కనిపెట్టడమంటే పుస్తకాల్లో గెడ్డాలున్న పెద్దమనుషులు చేసే పని అని మా నమ్మకం. ఏడో తరగతి మొత్తం బెంచీలెక్కి నిలబడింది.

ఒంటిపూట బడులు. గంట కొట్టగానే జట్లుగా విడిపోయి ఇళ్ళ మీద పడేవాళ్ళం. చేతిలో గ్లాసు, నోటుబుక్కు. ఎండ మాడ్చేస్తున్నా పట్టించుకున్నవాళ్ళు లేరు. ఒక తాతగారు "మా నూతి నీళ్ళు చెరుకు రసమండీ, అలాగే రాసుకోండి" అని, మేం రాసేదాకా గుమ్మంలోంచి కదలనివ్వలేదు. నాలుకను నమ్మకూడదని మాస్టారు ప్రతి నూతి నుంచీ ఒక గ్లాసు నీళ్ళు తెప్పించి, స్టీలు పళ్ళేల్లో పోయించి, బడి డాబా మీద ఎండలో పెట్టించారు. మూడో రోజుకి నీళ్ళు ఇగిరిపోయాయి. కొన్ని పళ్ళేల్లో చిన్న మరక మిగిలింది. కొన్నింటిలో తెల్లటి పొర కట్టేసింది. గోటితో గీకి నాలుక మీద వేసుకుని "ఉప్పు! ఉప్పు!" అని డాబా అంతా గెంతాం.

ఆమధ్య వచ్చిన తుఫానుకి సముద్రపు నీరు చేలల్లోకి వచ్చిందనీ, వానలు వేళ తప్పుతున్నాయనీ, ఉప్పుటేరు నీళ్ళను రొయ్యల చెరువుల్లోకి తోడుతున్నారనీ మాస్టారు చెప్పారు. "సముద్రం తెచ్చిన ఉప్పు కొంత, మనం తోడుకొచ్చిన ఉప్పు కొంత. ఏది ఎక్కడుందో బొమ్మ వేసి చూద్దాం."

బొమ్మ వేసే పని ఆడపిల్లలకిచ్చారు. తను బోర్డు మీద గీసేదానికంటే మా ముగ్గులు నయమన్నారు. బడి ముందు కళ్ళాపి చల్లి, కాలవ, ఉప్పుటేరు, వీధులు, నూతులు, చెరువులు అన్నీ ముగ్గుపిండితో గీసేశాం. తియ్యటి నూతికి ఆకుపచ్చ రంగు, కాస్త ఉప్పదనముంటే పసుపు, బాగా ఉప్పగా ఉంటే ఎరుపు. మర్నాడు ఊళ్ళో అందరూ చూడ్డానికొస్తారు.

మా వీధి నా వంతు. మా నాన్న రెండేళ్ళ కిందట పెరటి వెనకాల వరిచేనుని రొయ్యల చెరువు చేశారు. మా ఇంటికి స్లాబు పడింది దానివల్లే. మా నుయ్యి వీధి వైపు, చెరువుకి దూరం. అది ఆకుపచ్చే. పక్కింటి మామ్మగారి నుయ్యి మాత్రం సరిగ్గా చెరువు గట్టు కిందే ఉంది. ఆవిడ పళ్ళెమే అన్నిటికంటే తెల్లగా ఉంది. అక్కడ ఎరుపు వేస్తే దాని పక్కనున్నది ఎవరి చెరువో ఊరంతా చూస్తుంది. పసుపు వేసేశాను.

మాస్టారు చూశారు. కోప్పడలేదు. మామ్మగారి పళ్ళెం తెచ్చి నా పక్కన పెట్టారు. "దీన్ని ఇంకోసారి చూడమ్మా. చూసేక నీకేది నిజమనిపిస్తే అదే వెయ్యి. అదే ఉంచుదాం" అని వెళ్ళిపోయారు.

తిట్టినా బాగుండుననిపించింది. ఏడాదిగా మామ్మగారు తన నూతి నీళ్ళలో పప్పు ఉడకడం లేదంటూ బిందె పట్టుకుని మా ఇంటికొచ్చేవారు. అంతకుమించి ఒక్కమాట అనేవారు కాదు. పసుపు తుడిచేసి ఎరుపు పోశాను.

మర్నాడు బడి ముందు తిరనాళ్ళే! ఎవరి నుయ్యి వాళ్ళు వెతుక్కుంటూ కేకలు, నవ్వులు. కాసేపటికి ఆ గోల సన్నగిల్లింది. ఎరుపంతా మా చెరువు చుట్టూ, ఊరి చివర ఇంకో చెరువు చుట్టూ మూగి ఉంది. మా నాన్న చాలాసేపు చూశారు.

"మన వీధి ముగ్గు ఎవరేసేరు?"

"నేనే నాన్నా."

ఆయన నేరుగా మామ్మగారి నూతి దగ్గరికి నడిచారు. నేను వెనకే పరిగెత్తాను. చేద వేసి తోడి, దోసిలితో తాగి ఆగిపోయారు.

"ఎన్నాళ్ళ నుంచి పిన్నిగారూ ఇలాగ?"

"నిరుటి వానల ముందు నుంచి బాబూ."

"నాతో చెప్పలేదేమండీ?"

"పిల్లలు గలవాడివి. నీ చెరువు పూడ్చుకోమని ఏ నోటితో చెప్పను నాయనా?"

ఆ పంట రొయ్యలు పట్టగానే నాన్న చెరువు పూడ్చేశారు. రెండో చెరువాయన మాత్రం వినలేదు సరికదా, మాస్టారి మీద చాలాకాలం కోపంగా ఉన్నారు. నాన్న ఉప్పు కడిగేందుకు చేలో కాలవ నీళ్ళు పెట్టి తీసి, పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లి కలియదున్నారు. మొదటి ఏడు వరి సగం మాడిపోయింది. నాలుగు వానాకాలాలు గడిచాక ఒక మధ్యాహ్నం మామ్మగారు గిన్నెతో మా ఇంట్లోకి పరుగులాంటి నడకతో వచ్చి, "మా నూతి నీళ్ళతోనే ఉడికిందర్రా!" అన్నారు. ఆ పప్పు కోసం అందరం ఎగబడ్డాం.

నేనూ టీచర్నయ్యాను. ఇప్పుడు మలికిపురం దగ్గర పనిచేస్తున్నాను. ఎండలు ముదిరాయి, సముద్రం ఇంకా దగ్గరికొచ్చింది. శిక్షణా తరగతుల్లో వాతావరణ మార్పు గురించి పెద్ద పెద్ద మాటలు చెబుతారు. అవీ పిల్లలకి చెబుతాను. కానీ ముందు మీ ఇంటి నుంచి మొదలుపెట్టండి, కనిపించింది కనిపించినట్టు రాయండి అంటాను. మాస్టారి దగ్గర నేర్చుకున్నది అదొక్కటే.

నిరుడు బోర్లలో నీటిమట్టం కొలిపిస్తుంటే ఒక పిల్ల లేచి, "మా మోటారు వల్లేనండీ వీధిలో నీళ్ళు దిగిపోతున్నాయి" అంది. క్లాసంతా ఆ పిల్ల వైపు తిరిగింది. ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడ్డాను.