చుక్క పొడవని శనివారం

నా జీవితంలో ఊరు చూడటానికి మాత్రమే నేను వెళ్ళిన ఊరు స్టాక్‌హోమ్ ఒక్కటే. మిగతా ఊళ్ళన్నిటికీ పెళ్ళికో, పురిటికో, ఎవరో పోయారనో వెళ్ళాను. అక్కడున్నది ఒక శనివారం, ఒక ఆదివారం. ఎనభైల మొదట్లో, జూన్ నెల.

అప్పుడు మా ఇల్లు ఫార్మింగ్టన్ హిల్స్‌లో. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. కంపెనీ పని మీద ఒక వారం స్వీడన్ పంపారు. శుక్రవారంతో పని అయిపోతుంది, నువ్వు కూడా వస్తే రెండు రోజులు రాజధాని చూసి కలిసి తిరిగొద్దామని ఆయన చాలా ముందే నాకు టికెట్ కొన్నారు. టికెట్ కొన్నాక అమ్మాయి మంచం పట్టింది.

మా అమ్మాయి షికాగో దగ్గర అరోరాలో ఉండేది. మొదటి కాన్పు నిలవలేదు. ఇది రెండోది. ఏడో నెలలో డాక్టరు మంచం దిగొద్దన్నాడు. మామూలుగా అయితే పురుడు పుట్టింట్లో పోయాలి. కూతురు కదలకూడదన్నప్పుడు పుట్టిల్లే కదిలి వెళ్ళాలని నేను అరోరా వెళ్ళి కూర్చున్నాను. వెళ్ళిన వారంలోనే ఏడు శనివారాల మొక్కు పట్టాను. పగలంతా పచ్చి గంగ కూడా ముట్టకుండా ఉండి, చీకటి పడి ఆకాశంలో చుక్క కనిపించాక, దీపం పెట్టి తినాలి. దాన్ని నక్తం అంటాం. ఏడో శనివారం సరిగ్గా స్టాక్‌హోమ్‌లో పడింది.

వెళ్ళనన్నాను. అమ్మాయే ఒప్పుకోలేదు.

"వెళ్ళమ్మా, ప్లీజ్. కదలకుండా పడుకోవడం నాకేం కష్టం కాదు. నువ్వు కుర్చీ వేసుకుని నన్నలా చూస్తూ ఉంటావు చూడు, అదీ కష్టం."

"నేనేం చూశానే?"

"పొయ్యి మీద పాలు చూసినట్టు చూస్తున్నావ్. పొంగుతానని."

అల్లుడు పక్కన నవ్వుతున్నాడు. "నేను లీవ్ పెట్టాను అత్తయ్యగారూ. మీరు వెళ్ళి రండి. ఇంకా టైముంది కదా."

ఇంకా టైముందని నేనూ లెక్క వేసుకున్నాను. దాని కంటే లోపల ఇంకో లెక్క ఉంది. మొక్కు మానటం లేదు కదా, అక్కడ కూడా ఉపవాసం ఉంటాను కదా, అంటే దాని పక్కన ఉన్నట్టే. ఇలా దేవుడికి నా బదులు నా ఆకలిని చూపించి, షికాగోలో విమానం ఎక్కాను.

అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. అమ్మాయే నేర్పింది, పెళ్ళికి ముందు, వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి. తెలుగు ముందు, తర్వాత ఇంగ్లీషు. కొత్తగా చదువు వచ్చినవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. కనిపించిన బోర్డల్లా చదవకుండా ఉండలేరు. ఆ ఊళ్ళో దిగగానే నాకు ఆ జబ్బు ముదిరింది. అక్షరాలు ఇంగ్లీషువే, కొన్నిటి నెత్తి మీద చుక్కలు, ఒకదాని మీద సున్నా. కూడబలుక్కుని పైకి చదువుతున్నాను. ఏమిటో అర్థం కాదు.

"దీనర్థం ఏమిటండీ?" అని అలవాటుగా ఆయన్ని అడిగాను.

"నాకేం తెలుసు?" అన్నారు.

"నిజంగా తెలీదా?"

"వారం నుంచి పాలనుకుని పుల్ల మజ్జిగ కొనుక్కుని కాఫీలో పోసుకుంటున్నాను. తెలిస్తే పోసుకుంటానా?"

నడివీధిలో నిలబడి పగలబడి నవ్వాను. పెళ్ళయినప్పటి నుంచి ఏ కాగితం వచ్చినా ఆయన చదివి చెబితే నేను వినేదాన్ని. ఇక్కడ ఇద్దరికీ సమానంగా ఏమీ తెలీదు. ఆ సంతోషం ఎంత పెద్దదో ఆయనకి చెప్పినా అర్థమయ్యేది కాదు. పాత ఊరి సందుల్లో ముందు నేను నడిచాను, వెనక ఆయన వచ్చారు. రెండుసార్లు దారి తప్పించాను. ఏ సందు చివరికి వెళ్ళినా నీళ్ళే కనిపించేవి. నీళ్ళ మీద తెల్ల పడవలు సిటీ బస్సుల్లా జనాన్ని ఎక్కించుకుంటున్నాయి.

ఒక రొట్టెల కొట్టు ముందు కాళ్ళు ఆగిపోయాయి. లోపలి నుంచి యాలకుల వాసన. అంత దూరం వచ్చి, తెల్లవాళ్ళ కొట్టులో, పండగనాటి వంటిల్లు! ఆయన లోపలికి వెళ్ళి అడిగొచ్చారు. అక్కడ తియ్య రొట్టెలో యాలకులు దంచి వేస్తారట. రెండు కట్టించి, రాత్రికి మనిద్దరికీ అని నా చేతిసంచిలో పెట్టారు.

రాత్రి రాలేదు. ఎనిమిదయింది, పట్టపగల్లా ఎండ కాస్తోంది. నీళ్ళ ఒడ్డున బల్ల మీద కూర్చున్నాం. జనం చొక్కాలు విప్పి గడ్డి మీద పడుకున్నారు.

"చుక్క ఎప్పుడొస్తుందో అడిగాను, హోటల్ అమ్మాయిని," అన్నారాయన. "ఆగస్టులో రమ్మంది."

"ఊరుకోండి."

"నిజమే. ఈ నెలలో ఇక్కడ సరిగ్గా చీకటే పడదట. పొద్దున్నుంచి మంచినీళ్ళయినా తాగలేదు నువ్వు. ఇండియాలో ఇప్పుడు అర్ధరాత్రి. మీ దేవుడున్న కొండ మీద చుక్కలొచ్చి ఎంతసేపయిందో! ఆయన తినేసి పడుకున్నాడు. నువ్వూ తిను."

ఒక్క క్షణం ఆలోచించాను. చుక్క కనబడకపోతే ఆ రాత్రంతా పస్తు ఉండి మర్నాడు తినేవాళ్ళని నాకు తెలుసు. మా అమ్మయితే అదే చేసేది. నేను మాత్రం తూర్పుకి తిరిగి దండం పెట్టుకుని రొట్టె విరిచాను. ఎండలో, దీపం లేకుండా, చేతులు కూడా కడుక్కోకుండా తిన్నాను. ఒకటి తిని, ఆయనది కూడా సగం తిన్నాను. పడవలు చూస్తూ, వేళ్ళకి అంటిన చక్కెర నాక్కుంటూ, ఆ ఒడ్డున చాలాసేపు ఉన్నాను. ఆ పూట అమ్మాయి నాకు గుర్తు రాలేదు. ఒక్కసారి కూడా.

హోటల్‌కి వెళ్ళాక గుర్తొచ్చి ఫోన్ చేయించాను. మోగి మోగి ఆగింది.

"పడుకుని ఉంటుంది. లేపకు," అన్నారాయన. అల్లుడైనా తీయాలి కదా అని అడగవలసింది. అడగలేదు. నాకూ నిద్ర వస్తోంది.

ఆదివారం మేం లేచేసరికి అరోరాలో రాత్రి. మళ్ళీ చేద్దాంలే అని బయల్దేరాం. సముద్రం అడుగు నుంచి పైకి తీసిన పెద్ద చెక్క ఓడ ఒకటి చూశాం. ఏ కాలంలోనో రాజు కట్టించాడట. బయల్దేరిన రోజే, ఒడ్డున జనం చూస్తుండగానే మునిగిందట. తడి వాసన కొట్టే చీకటి షెడ్డులో దాని చుట్టూ తిరిగాం. సాయంత్రం హోటల్‌కి రాగానే కౌంటరు దగ్గరి అమ్మాయి, అరోరాకి ఫోన్ చేయమన్నారని చెప్పింది.

అల్లుడే తీశాడు. "ఆడపిల్ల అత్తయ్యగారూ. నిన్న రాత్రి. బాగా చిన్నది. గాజు పెట్టెలో పెట్టారు. బతుకుతుందనే అంటున్నారు."

"నిన్న ఎప్పుడు మొదలైంది నాయనా?"

"మధ్యాహ్నం. ఒంటిగంటన్నరకి కారెక్కించాను. లోపలికి తీసుకెళ్తుంటే..." ఆగాడు. మంచివాడు, ఆగి ఉండాల్సింది అక్కడితో. "మిమ్మల్నే పిలిచింది."

అరోరాలో ఒంటిగంటన్నర అంటే మాకు ఎంతో ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పబోయారు. వద్దన్నాను. నీళ్ళ ఒడ్డున కూర్చున్న వేళ అని నాకే తెలిసింది. చుక్క చూడకుండా తిన్నందుకే ఇలా అయిందేమోనని ఆయనకి భయం వేసింది. పైకి మాత్రం, "అదేం కాదులే, కాకతాళీయం" అని నాకే ధైర్యం చెప్పారు. నాకా భయం లేదు. దేవుడు అంత చిన్న మనసువాడని నేననుకోను. నా కూతురు నన్ను పిలుస్తూ ఏడుస్తున్నప్పుడు నేను హాయిగా ఉన్నాను. దాన్ని ఏ దేవుడి మీదికి నెట్టను?

సోమవారం షికాగోలో దిగి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళాం. చేతులు కడిగించి, గౌను తొడిగించి, పాపని చూపించారు. గాజు పెట్టెలో అరచేయంత ప్రాణం, ముక్కులో గొట్టం. పొట్ట మాత్రం గట్టిగా ఎగిరిపడుతోంది. తర్వాత అమ్మాయి గదిలోకి వెళ్ళాను. వెళ్ళి దాని కాళ్ళు పట్టుకుంటానేమో అన్నట్టు ఉంది నా నడక. అది నన్ను చూసి మొదట అడిగిన మాట, "శనివారం తిన్నావా లేదా?"

"తిన్నానే."

"గుడ్. అక్కడ చుక్కలు రావని నువ్వు బయల్దేరాక నాన్న ఫోన్‌లో చెప్పారు. పస్తుండి చస్తావేమోనని భయపడ్డాను." దిండు సర్దుకుని, "చెప్పు. ఏం చూశావ్?" అంది.

"ఏముందే. నీళ్ళు, మేడలు."

"అమ్మా! రెండు నెలల నుంచి సీలింగ్ చూస్తున్నాను. నా కోసం పంపితే నీళ్ళు, మేడలు అంటావేంటి? సరిగ్గా చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. నాన్న కాఫీలో పుల్ల మజ్జిగ పోసుకోవడం చెబితే కుట్లు పట్టుకుని నవ్వింది. ఓడ గురించి చెప్పాను, మునిగిందని చెప్పలేదు. సందులు చెప్పాను, బోర్డులు చెప్పాను, నేను ముందు నడిచానని చెప్పాను. ఎలా చెప్పాలో తెలీక చేతులతో చూపిస్తున్నాను. నా గొంతులో సంతోషం నాకే వినిపిస్తోంది. దాన్ని తగ్గించాలని చూశాను, తగ్గలేదు. పడవల దగ్గరికి వచ్చేసరికి అమ్మాయి కళ్ళు మూసుకుంది. ఊపిరి నిదానించింది. నిద్రపోయిందని తెలిసింది నాకు. అయినా ఆపలేదు. గొంతు తగ్గించి, ఆ నీళ్ళ మీద ఎండ ఎలా ఉండేదో చెబుతూనే ఉన్నాను.